వంకరముక్కు పిట్ట ఏం తింటుంది?

చార్ట్ అడిగిన అమ్మాయి

నా ఉద్యోగంలోకి రాబోతున్న అమ్మాయి పేరు హారిక. తిరుపతిలో పశువైద్యం చదివింది. ఇంకా ఖతార్‌లో అడుగు పెట్టనే లేదు, అప్పుడే ఫోన్‌లో ప్రశ్నలు మొదలుపెట్టింది. మొన్న ఒక మెసేజ్ పంపింది: "సార్, గాజింట్లో ఏ పిట్ట ఏం తింటుందో ఒక చార్ట్ చేసి పంపండి. ఫ్లైట్‌లో చదువుకుంటాను."

గాజిల్లంటే నేను చూసుకునే పిట్టల ఇల్లు. అడిగింది సబబుగానే ఉంది. అల్ వక్రాలో మా ఫ్లాట్ సగం అట్టపెట్టెల్లోకి ఎక్కేసింది. మిగిలిన సగంలో ఒక కుర్చీ ఖాళీ చేసుకుని కూర్చున్నాను. కాగితం మీద గళ్ళు గీశాను. పిట్ట, ముక్కు, మేత. మొదటి రెండూ చకచకా నిండిపోయాయి. మూడో దాని దగ్గర ఆగిపోయాను. టీ చల్లారింది. మా ఆవిడ వచ్చి కాగితం చూసి, "ఇన్నేళ్ళు వాటికి మేత పెట్టి, ఇప్పుడు ఏం తింటాయో తెలీదంటారా?" అంది.

తెలుసు. చాలా తెలుసు. తెలిసినవన్నీ ఒకదాంతో ఒకటి కలవవు, అదీ నా తంటా.

అందుకని హారికా, చార్ట్ బదులు ఇది రాస్తున్నాను. నీలాంటివాళ్ళు ఇంకెవరైనా ఈ పనిలోకి వస్తుంటే వాళ్ళూ చదవచ్చు. లైసెన్సు పరీక్షలు, వీసా తిరకాసులు, నాకెప్పుడు జీతం పెరిగింది లాంటివి ఇందులో ఉండవు. అవి మనవాళ్ళు సెలవురోజు చేరే ఏషియన్ టౌన్‌లో టీ తాగుతూ ఎవరైనా చెప్తారు. నేను ఒక పిట్ట గురించి చెప్తాను. చదివాక నీకేమైనా అర్థమైతే నాకూ చెప్పు. వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

ఉస్తాద్ చెప్పిన సూత్రం

ఖతార్ వచ్చిన కొత్తలో నేను డేగల ఆస్పత్రిలో చేశాను. అక్కడ మా పెద్ద డాక్టరు సూడాన్ మనిషి. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. చేతి పనిలో అంత నేర్పున్న వైద్యుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఎదుటివాడు చెప్పేది వినడంలో మాత్రం ఆయనంత అధ్వాన్నమైన మనిషినీ చూడలేదు. నువ్వు మూడో మాట అనేలోపు ఆయన పిట్ట నోరు తెరిచి చూసేసి ఉంటాడు.

ఒకరోజు పులివెందుల వైపు నుంచి వచ్చిన హౌస్ డ్రైవరొకాయన యజమాని పిల్లల పిట్టను పట్టుకొచ్చాడు. రంగురంగుల చిలక. ఈకలు రాలిపోయి, తల వేలాడేసి ఉంది. "చిలకే కదా సార్, పొద్దుతిరుగుడు గింజలు పెడతాండాం. తినదు. మొండిది," అన్నాడు. నేను మందుల పేర్లు ఆలోచిస్తున్నాను. ఉస్తాద్ దాని నోరు తెరిచి, నాలుకను పుల్లతో పైకెత్తి నాకు చూపించాడు. నాలుక చివర సన్నటి కుచ్చు, బ్రష్ లాగా. ఆ జాతి చిలక పువ్వుల్లో తేనె నాకి బతుకుతుంది. గింజ కొరికే ఒడుపు దానికి లేదు. ఆకలితో మాడుతున్న దాన్ని పట్టుకుని మొండిది అంటున్నారు.

తేనెనీళ్ళు, పళ్ళరసం మొదలుపెట్టాక అది వారం తిరక్కుండానే ఆస్పత్రి కప్పెగిరిపోయేలా అరవడం మొదలుపెట్టింది. ఉస్తాద్ నావైపు తిరిగి అన్నాడు: "నోరు చూడు, మేత చెప్పు. మిగతాదంతా కబుర్లు."

ఆ మాట నేను మంత్రంలా పట్టుకున్నాను. డేగ ముక్కుకి గంటు ఉంటుంది, మెడ ఎముక కొరకడానికి. కొంగ ముక్కు పొడుగు, బురదలో వెతకడానికి. ఎక్కడా తప్పలేదు. ఒంటి తీరు చూస్తే తిండి తెలిసిపోతుందని గట్టిగా నమ్మాను. నువ్వూ కాలేజీలో అదే చదివి ఉంటావు. అది తప్పని నేను అనడం లేదు. ఏమంటున్నానో చివరికి నాకే సరిగా తెలియదు, కాస్త ఓపిక పట్టు.

బాబా ఇంటి మర్యాద

తర్వాత వక్రా దాటాక ఒక పెద్దాయన తోటలో చేరాను. పనివాళ్ళందరూ ఆయన్ని బాబా అంటారు, నేనూ అంతే. ఆయన మాతో మాట్లాడేది అరబ్బీ, ఉర్దూ కలిపేసిన గల్ఫ్ భాష. నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను. తోటలో జింకలున్నాయి, నెమళ్ళున్నాయి. ఆయన ప్రాణమంతా మాత్రం గాజింట్లో ఉండేది. చల్లటి గాలి, సన్నటి తుంపర, లోపల అడవి మొక్కలు, వాటిమధ్య హమ్మింగ్‌బర్డ్‌లు. అమెరికా ఖండపు అడవుల జాతి. యూరప్‌లో ఒక పెంపకపు తోట నుంచి తెప్పించాడు. బొటనవేలంత పిట్టలు. గాల్లో నిలబడి రెక్కలాడిస్తే తుమ్మెద ఎగిరినట్టు చప్పుడు. పనివాళ్ళు వాటిని తుమ్మెద పిట్టలనే అనేవాళ్ళు.

వాటిలో ఎక్కువ భాగం ఆకుపచ్చవి, పొట్టి ముక్కువి. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, గుణం మాత్రం సంతలో రౌడీలది. ఇంకో జాతివి గోధుమరంగువి, కొంచెం పెద్దవి. వాటి ముక్కు పొడుగ్గా, కొడవలిలా కిందికి వంగి ఉంటుంది. అవి మూడు వచ్చాయి. నేను చేరేసరికి రెండు పోయాయి. మిగిలినదాన్ని గాజింటి పని చూసే ఖాజా టేఢీ అని పిలిచేవాడు. వాళ్ళ దక్కనీలో వంకరది అని.

ఖాజాది నిర్మల్. అంతకుముందు మెసయీద్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంపులో ఉండి వచ్చాడు. మొక్కలు, పిట్టలు, తుంపర గొట్టాలు అన్నీ అతనే. పిట్టలకి కాస్త మాంసకృత్తులు కూడా కావాలి కాబట్టి ఒక మూల అరటిపళ్ళు కుళ్ళబెట్టి చిన్న ఈగలు పెంచేవాడు. ఆ వాసన గురించి ఇంట్లోవాళ్ళు గొడవ పెట్టినప్పుడల్లా నన్ను ముందుకు తోసి తను మొక్కల చాటుకి పోయేవాడు. చక్కెరనీళ్ళు కలిపేది వంటింట్లో రమణమ్మ. రాయచోటి దగ్గర పల్లె ఆమెది. నాలుగు గ్లాసుల నీళ్ళకి ఒక గ్లాసు చక్కెర. ఆ కొలత ఇంకెవరికీ అప్పగించడానికి బాబా ఒప్పుకునేవాడు కాదు.

గాజింటి మధ్యలో, అతిథులు కూర్చునే చోటుకి ఎదురుగా, ఎర్రగాజు గిన్నెలు వేలాడేవి. వాటిలో చక్కెరనీళ్ళు. బాబా ఒకటే షరతు పెట్టాడు: గిన్నె ఎప్పుడూ ఖాళీగా కనబడకూడదు.

ఇది నీకు అర్థం కావాలంటే గహ్వా సంగతి తెలియాలి. ఇక్కడ అతిథికి ఫింజాన్ అనే చిన్న కప్పులో కాఫీ పోస్తారు. తాగి కప్పు చాచితే మళ్ళీ పోస్తారు. చాలు అనడానికి నోటితో చెప్పక్కర్లేదు, కప్పును అటూ ఇటూ కాస్త ఊపితే చాలు. ఊపనంతసేపూ పోస్తూనే ఉండటం మర్యాద. బాబా ఆ మర్యాదలో పుట్టి పెరిగిన మనిషి. మేం మాత్రం తక్కువ తిన్నామా? రమణమ్మకి విస్తట్లో అన్నం అయిపోయేదాకా వడ్డించకుండా ఉండటమంటే ఇంటి పరువు పోవడమే. ఖాజా వాళ్ళింట్లో దావత్ అంటే అతిథి కడుపు పట్టుకుని ఇక చాలని బతిమాలాలి. ఇలాంటివాళ్ళు ముగ్గురు ఒకచోట చేరాక గిన్నె ఖాళీ అవడమన్న మాటెక్కడిది? పొద్దున రమణమ్మ పంపేది, మధ్యాహ్నం ఖాజా నింపేవాడు, సాయంత్రం నడకకి వచ్చినప్పుడు బాబా తన చేత్తో ఇంకాస్త పోసేవాడు.

నిండు గిన్నె దగ్గర ఆకలి

అయినా టేఢీ చిక్కిపోతోంది.

దాన్ని తూచడానికి చిన్న త్రాసు మీద కొమ్మలాంటి కడ్డీ పెట్టాం, వచ్చి వాలితే బరువు తెలుస్తుంది. వాలినప్పుడల్లా నా ముఖం మాడిపోయేది. నోట్లో బూజు ఉందేమోనని చూశాను, లేదు. పురుగులకు మందేశాను, మార్పు లేదు. అప్పుడు ఉస్తాద్ మంత్రం గుర్తొచ్చింది. నోరు చూడు, మేత చెప్పు. వంకర ముక్కుకి వంకర పువ్వు కావాలి. హెలికోనియా అని ఒక మొక్క ఉంటుంది, అరటి ఆకుల్లాంటి ఆకులు, ఎర్రటి దొన్నెల్లోంచి గొట్టాల్లాంటి పూలు వంగి బయటికి వస్తాయి. పొట్టి ముక్కు వాటి అడుగుకి అందదు. టేఢీ ముక్కు వంపూ ఆ పువ్వు వంపూ ఒక్కటే. గాజింట్లో ఒక మూల నాలుగు మొక్కలుంటే, బాబాని బతిమాలి ఇంకొన్ని తెప్పించాను. ఖాజా వరసగా నాటాడు. పూలు విరగబూశాయి.

టేఢీ వాటివైపు కన్నెత్తి చూడలేదు.

దానికి కావలసింది గిన్నె. గిన్నె దగ్గరికి వచ్చేది, పొట్టి ముక్కువి రెండు మూడు మీదపడి తరిమేవి, పోయి కొమ్మ మీద కూర్చునేది, మళ్ళీ వచ్చేది. రెండు గుక్కలు తాగడానికి నాలుగు గుక్కల బలం ఖర్చు పెట్టేది. గిన్నెలు పెంచి దూరదూరంగా కట్టించాను. పొట్టివి గిన్నెకొకటి చొప్పున కాపలా కూర్చున్నాయి. దాని కోసమే పూసిన పువ్వులు పక్కనే తేనె కారుస్తుంటే, ఆ పిచ్చిది తన్నులు తినడానికే ఎందుకు వస్తుంది? నేను గంటలకొద్దీ స్టూలు మీద కూర్చుని చూశాను. నాకు అంతుబట్టలేదు.

"చక్కెర మారింది సార్. పాత కంపెనీ చక్కెర కాదిది, తీపి తక్కువుండాది," అంది రమణమ్మ.

"చక్కెర్ గాదు ఏం గాదు. దానికి తోడు లేదు సాబ్. రెండు పోయినయి గదా, రంది పట్టుకున్నది," అన్నాడు ఖాజా.

నేను రెండూ రాసుకుని మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాను.

ఒకరోజు పొద్దున్నే ఖాజా ఫోన్ చేశాడు. "సాబ్, టేఢీ పోయింది. కొమ్మకే గట్టిగ అయిపోయింది." పరిగెత్తాను. రాయిలా బిగుసుకుని, ముక్కు పైకెత్తి, కదలిక లేకుండా ఉంది. ఈ పిట్టలు ఒంట్లో సత్తువ చాలకపోతే రాత్రి ఒళ్ళు చల్లబరుచుకుని చచ్చినట్టు పడుకుంటాయని చదివాను, ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి లోపల ఏదో సన్నగా వణికింది. తర్వాత కళ్ళు తెరిచింది. ఖాజా గోడకానుకుని నేల మీద కూలబడ్డాడు.

ఆ సంగతి బాబా చెవిన పడింది. ఆయన వచ్చి దాన్ని చూశాడు. "నా ఇంట్లో ఇప్పటికే రెండు చచ్చిపోయాయి. మూడోది నా కళ్ళముందు చావకూడదు. ఈద్ అయ్యాక వచ్చిన చోటికే పంపించేయండి. వాళ్ళకి తెలుసు ఎలా బతికించాలో," అన్నాడు. వారంలో విమానంలో పంపే పెట్టె వచ్చి గాజింటి గుమ్మం దగ్గర కూర్చుంది.

ఆ బరువుతో అది విమాన ప్రయాణం తట్టుకోదు. నాకు తెలుసు. చెప్పాను కూడా. "ఇక్కడ మాత్రం బతుకుతోందా?" అన్నాడు బాబా.

రంజాన్ మధ్యాహ్నం

రంజాన్ మొదలైంది. ఇల్లంతా వేళలు తారుమారయ్యాయి. రమణమ్మ డ్యూటీ సాయంత్రం నుంచి సెహరీ దాకా, అంటే ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనం దాకా. ఆ వంటలన్నీ అయ్యాక, తెల్లవారుతుండగా ఒక్కసారే చక్కెరనీళ్ళు కలిపి ఇచ్చి పడుకునేది. మళ్ళీ లేచేది మధ్యాహ్నం దాటాకే. బాబా నడక కూడా ఇఫ్తార్ తర్వాతకి మారింది. అంటే పొద్దున నింపిన గిన్నెలే గతి.

ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి గుమ్మంలోనే ఖాజా ఎదురొచ్చాడు. "గిన్నెలన్నీ ఖాళీ సాబ్. రమణక్క పండుకున్నది, లేపుతే తిడ్తది. నేనంటే రోజా ఉన్న. పిట్టలెందుకుండాలె?"

నాకు ఒళ్ళు మండింది. ఈ పిట్టలు కొన్ని గంటలు తిండి లేకపోతే పడిపోతాయి. రమణమ్మను లేపుకు రమ్మని అతన్ని వంటింటికి తరిమి లోపలికి వెళ్ళాను. గిన్నెల దగ్గర ఒక్క పిట్టా లేదు. పొట్టివన్నీ చిన్న ఎర్ర పూల పొదల దగ్గర చేరి ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి. టేఢీ కోసం కొమ్మలన్నీ వెతికాను. కనబడలేదు. అప్పుడు వెనక మూల నుంచి ఆ తుమ్మెద చప్పుడు వినిపించింది.

హెలికోనియా దగ్గర గాల్లో నిలబడి ఉంది. పువ్వులోకి ముక్కు మొదలంటా పోయింది. తాగింది, వెనక్కి జరిగింది, పక్క పువ్వుకి వెళ్ళింది. వరస తప్పకుండా ఒక్కొక్కటే. తరిమేవాళ్ళు లేరు, తొందర లేదు. పెళ్ళిపెద్దలా తాగుతోంది.

ఖాజా, నిద్రకళ్ళతో రమణమ్మ, ఇద్దరూ చక్కెరనీళ్ళ సీసాతో వచ్చారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇన్నాళ్ళూ ఏం రోగమొచ్చింది దీనికి? పూలు ఈడనే ఉండాయి కదా," అంది రమణమ్మ.

నేనూ అదే అనుకుంటున్నాను.

తర్వాత మూడు మధ్యాహ్నాలు కావాలనే గిన్నెలు ఖాళీగా ఉంచి, నేను పక్కనే కాపలా కూర్చున్నాను. ప్రతిసారీ అదే తంతు. త్రాసు మీద టేఢీ కాస్త బరువు తూగింది. సాయంత్రం బాబాకి ఈ మాట చెప్పాలి. ఇఫ్తార్ అయ్యేదాకా ఆగి, మధ్యాహ్నాలు గిన్నెలు నింపొద్దని అడిగాను.

"ఈ నెలలో నా గేటు ముందు నుంచి నడిచిపోయేవాడికి కూడా ఇఫ్తార్ పెడతాను. నువ్వు నా పిట్టల గిన్నె ఖాళీగా ఉంచమంటున్నావు," అన్నాడు బాబా.

"మధ్యాహ్నం మాత్రమే బాబా."

"మాఫీ," అన్నాడు. ఇక్కడి మాటలో లేదు, కుదరదని. "మధ్యాహ్నమైనా ఇంకెప్పుడైనా."

"మీ ఇంట్లో నాకు గహ్వా చాలనిపిస్తే ఏం చేస్తాను? ఫింజాన్ ఊపుతాను. ఆ పిట్టకి ఊపడం రాదు. మనం పోస్తూనే ఉన్నాం."

బాబా నా ముఖంలోకి చూశాడు. "చాలు అనుకునేదైతే ఎందుకు చిక్కిపోతుంది, డాక్టర్?"

నిజమే. నా పోలిక అక్కడే తెగింది. తడుముకుంటూ చెప్పాను: "గిన్నె నిండుగా ఉంటే అన్నీ దానిదగ్గరికే వస్తాయి. ఇదీ వస్తుంది, తన్నులు తింటుంది. గిన్నె లేకపోతే ఎవరి పువ్వు దగ్గరికి వాళ్ళు పోతున్నారు."

"ఎందుకలా?"

"తెలియదు బాబా."

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. తెలియదన్న మాట విని ఎందుకో మెత్తబడ్డాడు. "ఈద్ దాకా. ఈద్ రోజు అతిథులొస్తారు. అప్పుడు గిన్నెలు నిండాలి. ఖలాస్," అన్నాడు. గుమ్మం దగ్గరి పెట్టె సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఈద్ నాడు

ఈద్ వచ్చేసరికి టేఢీ ఛాతీ ఎముక మీద మళ్ళీ కండ చేరింది. రాత్రిళ్ళు బిగుసుకుపోవడం మానింది. అయినా నా మనసు కుదురుగా లేదు. ఇక్కడ ఈద్ అంటే ఒక్కరోజుతో పోదు, రోజూ అతిథులే. అన్ని రోజులు గిన్నెలు నిండి ఉంటే అది మళ్ళీ గిన్నె దగ్గరికే వస్తుంది, మళ్ళీ తన్నులు, మళ్ళీ చిక్కడం. ఆ తర్వాత పెట్టె ఎలాగూ సిద్ధంగా ఉంది.

మధ్యాహ్నం గాజింట్లో పెద్దవాళ్ళు కూర్చున్నారు. గహ్వా తిరుగుతోంది. ఖాజా కొత్త బట్టలు వేసుకుని, నిండు సీసాతో ఒక పక్కన నిలబడ్డాడు. బాబా సైగ చేస్తే నింపాలి. నేను మొక్కల పక్కన నిలబడి ఎటూ చూడలేక నా చెప్పులు చూసుకుంటున్నాను.

బాబా పెద్దన్న బాగా ముసలాయన. ఎదురుగా వేలాడే ఎర్ర గిన్నెల్ని చూశాడు. ఒకదాన్ని కర్రతో కాస్త కదిపాడు. ఖాళీ. "తమ్ముడూ, పండగపూట నీ పిట్టలకి పెట్టడం మానేశావా?" అన్నాడు. మాట నెమ్మదిగానే ఉంది. కూర్చున్నవాళ్ళందరూ గిన్నెవైపు తిరిగారు.

ఖాజా ఒక అడుగు ముందుకు వేశాడు. బాబా ముఖం ఎర్రబడటం నేను చూశాను. ఆయన గిన్నెను చూశాడు. తర్వాత వెనక మూలకి చూశాడు. అక్కడ టేఢీ ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి జరుగుతోంది. గహ్వా పోసే మనిషి బాబా ముందుకొచ్చి వంగాడు. బాబా తన ఫింజాన్‌ను అటూ ఇటూ ఊపి అతనికి ఇచ్చేశాడు.

"ఆవిడ ఊపేసింది," అన్నాడు అన్నతో, టేఢీ వైపు గడ్డం చూపించి. "ఊపాక పోయడం మర్యాద కాదు."

ముసలాయనకి ఏం అర్థమైందో తెలియదు, నవ్వాడు. తక్కినవాళ్ళూ నవ్వారు. ఖాజా సీసా దించి వెనక్కి దాచుకున్నాడు. కాసేపటికి బాబా గుమ్మం దగ్గర ఆగి, "యల్లా, కానివ్వండి, ఈ పెట్టె దారికడ్డం. తీసేయండి," అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మొక్కలకేసి తిరిగి నిలబడ్డాను. ఉద్యోగంలో నేను ఏడ్చింది ఆ ఒక్కసారే.

సూత్రం తిరగబడటం

హారికా, ఇక్కడితో ఆపేస్తే కథ చక్కగా ఉంటుంది. తిండి ఎక్కువైతే అన్నీ ఒకచోట మూగుతాయి, తక్కువైతే ఎవరి ముక్కుకి తగ్గది వాళ్ళు చూసుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఒక ఎండాకాలం దాకా పెద్దమనిషిలా తిరిగాను.

ఎండలు ముదిరాక గాజు మీద నీడగుడ్డ కప్పాం. వెలుతురు తగ్గి పూలు తగ్గాయి. గిన్నెలు మామూలుగా పొద్దున మాత్రమే. నా లెక్క ప్రకారం టేఢీ తన నాలుగు హెలికోనియా పూలకే అంటిపెట్టుకోవాలి. అది కనబడ్డ ప్రతిదాన్నీ గెలికింది. మందారం, ఎర్ర పొదలు, ఆ పొడుగు ముక్కుతో అవస్థ పడుతూ గడ్డిపూలు కూడా. పొట్టివి ఇంకా ఘనమైన పని చేశాయి. హెలికోనియా గొట్టం అడుక్కి ముక్కు అందదు కదా, గొట్టం మొదలు దగ్గర పక్కనుంచి చిల్లు పొడిచి దొంగతనంగా తాగాయి. నోరు చూడు మేత చెప్పు అన్న ఉస్తాద్ అక్కడ ఉంటే ఏమనేవాడో.

చలికాలం వచ్చింది. నీడగుడ్డ తీశాం, పూలు గుట్టలుగా పూశాయి. ఇంత తిండి ఉంది కాబట్టి ఇప్పుడు అన్నీ అన్నిచోట్లా తింటాయనుకున్నాను. టేఢీ హెలికోనియా తప్ప ఇంకోటి ముట్టలేదు. పరీక్షకి ఒక గిన్నె నింపి, దానికి దగ్గరలో, పొట్టివేవీ లేని చోట కట్టించాను. చూసి కూడా రాలేదు. పొట్టివి కూడా తమ పొదలు వదల్లేదు. గిన్నె దగ్గర చూసినదానికి ఇది పూర్తిగా ఎదురు. నేను తల పట్టుకున్నాను.

"ఇండ్ల సమజ్ కానిదేమున్నది సాబ్?" అన్నాడు ఖాజా. "జుమ్మా నాడు ఏషియన్ టౌన్ల ఎన్ని హోటల్లుంటయి? అన్ని ఉన్నా మనం మన హోటల్‌కే పోతం. మెసయీద్ క్యాంప్‌ల ఒక్కటే మెస్ ఉండె. ఏది పెడితే గదే తింటిమి, ఎవ్వని వంటైనా."

బాగానే ఉంది. "మరి గిన్నె నిండుగా ఉన్నప్పుడు అన్నీ అక్కడే ఎందుకు కొట్టుకున్నాయి? అప్పుడూ పూలున్నాయి కదా?" అన్నాను.

రమణమ్మ అందుకుంది. "పెండ్లిలో ఐస్‌క్రీమ్ కాడ చూడు సార్. ఎన్ని కూరలుండనీ, అంతా ఆ వరసలోనే నిలబడల్ల. నమలే పనిలేదు, ఏ నోట్లోకైనా పోతాది."

ఏ నోట్లోకైనా పోతుంది. ఆ మాట నాకు నచ్చింది. గిన్నె ఏ ముక్కుకైనా సరిపోయే తిండి, అందుకని అందరూ దానికోసం తన్నుకుంటారు. పువ్వు అలా కాదు, కొందరికే తెరుచుకుంటుంది. ఇద్దరి మాటలూ కలిపితే చాలావరకు పొసుగుతుంది. నేను సంబరపడిపోయాను. ఆ మర్నాడే టేఢీ, పూలన్నీ పూసి ఉండగా, నేను కట్టించిన ఆ గిన్నె దగ్గరికి వచ్చి తీరిగ్గా తాగి పోయింది.

"దానికే తెల్వాలె," అన్నాడు ఖాజా.

కాబట్టి నాకు తెలిసినంత వరకు చెప్తాను. ముక్కు చూస్తే ఆ పిట్ట ఏం తినగలదో తెలుస్తుంది. ఈరోజు ఏం తింటుందో తెలియదు. అది తెలియాలంటే చుట్టూ ఏం పూసిందో చూడాలి, పక్కన ఎవరు కూర్చున్నారో కూడా చూడాలి. ఈ మూడూ కలిపి లెక్క కట్టడం నాకు చేతకాలేదు. నీకు చేతనైతే సంతోషం. ఎవరైనా వచ్చి నాకు అంతా తెలుసంటే మాత్రం వాణ్ణి గాజింట్లోకి రానివ్వకు.

చివరి గహ్వా

నిన్న బాబా దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్ళాను. ఆయన చూపు మందగించింది. గాజింట్లోనే కూర్చోబెట్టాడు. టేఢీ ముసలిదైంది, ఒక రెక్క కొంచెం వాలి ఉంది. అయినా వెనక మూల దాని చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"ఇప్పుడు ఏం తింటోంది?" అన్నాడు బాబా.

"హెలికోనియా."

"రేపు?"

"తెలియదు బాబా."

ఆయన నవ్వాడు. "ఇన్నేళ్ళుగా అదే మాట. కొత్త డాక్టరమ్మకి ఏం చెప్పావు మరి?"

"గిన్నె నింపే ముందు దాన్నొకసారి అడగమన్నాను."

బాబా తల పంకించి గహ్వా కోసం సైగ చేశాడు. ఒక ఫింజాన్ తాగాను. పెట్టెలు సర్దాల్సి ఉంది, మా ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది. పోసే మనిషి నా ముందుకొచ్చి వంగి, కప్పువైపు చూస్తూ ఆగాడు. మూల నుంచి ఆ చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది, ఈసారి ఇంకో వైపు నుంచి. ఎటు వెళ్ళిందో చూద్దామని మెడ చాచాను.

కప్పు ఊపలేదు. అతను మళ్ళీ పోశాడు.